సెకనులో నూట పాతికో వంతు

మామునూరు పాత రన్‌వే మీద
పల్లేరుకాయలు ఊడ్చి సున్నం గీతలు గీసిన్రు.
పొద్దున ఏడింటికే పోలీసోళ్ల తాడు,
తాడుకు ఇవతల బఠానీల బండి, పుల్ల ఐసు,
బడిపిల్లల లైను,
లైను చివర నేను,
భుజం మీద కిరాయికి తెచ్చిన లెన్సు.

ఆరువందల మిల్లీమీటర్లు.
కోఠిల రెండు రోజులకు నాలుగు వేలు,
ఆధార్ కార్డు అసలుది వాళ్ల సొరుగుల పెట్టుకున్నరు.
దుప్పట్ల చుట్టి, బస్సుల ఒళ్లో కూసోబెట్టుకొని తెచ్చిన.
జనగామ దాటినంక పక్క సీటు ముసలమ్మ
"పసిబిడ్డనా?" అని మొఖం మీది బట్ట తీయబోయింది.

నాది పెండ్లిళ్ల పని.
తలంబ్రాలను గాల్లోనే ఆపుడు నా విద్య.
ఏ గింజకు పసుపంటింది, ఏ గింజకు అంటలేదు,
నా ఫొటోల లెక్కబెట్టొచ్చు.
హన్మకొండల నా పేరు ఆ గింజల మీదనే నిలబడ్డది.

తొమ్మిదిన్నరకు పడమటి దిక్కు నుంచి మొదటిదొచ్చింది.
పసుపు రంగు, ఒంటి ఇంజను, ముక్కుకు పంకా.
కంటికంటె ముందు చెవికి అందింది,
బోరుమోటరు నీళ్లందుకునే ముందు
గొంతు సవరించుకున్నట్టు.
చేతికి అలవాటైన వేగం: రెండువేలో వంతు.
నలభై ఫొటోలు ఒక్క గుక్కల.

తెర మీద చూసుకున్న.
రేకు మీద ప్రతి మేకూ ఉంది.
పైలటు కళ్లద్దాల మీద మబ్బు సుత ఉంది.
పంకా మాత్రం నిలబడ్డది,
కరెంటు పోయిన ఇంట్ల ఫ్యాను లెక్క.
నీలం అట్టకు దారం కట్టి ఎవరో
ఏలాడదీసిన బొమ్మ.

పక్కన పాత కెమెరాతోటి ఒకాయన,
కాజీపేట లోకో షెడ్డుల చేసి రిటైరైన ఎలీషా గారు.
నా తెరలకు తొంగిచూసిండు, నవ్వలేదు.
"తగ్గించు."
"ఎంత?"
"భయమయ్యేదాంక."

నూట పాతిక.
ఆ వేగంల నా గుండె చప్పుడు సుత ఫొటోల పడతది.
ఊపిరి బిగబట్టకు, మెల్లగ ఇడువు అన్నడు.
కాళ్లు పాతుకోవాలె, నడుమొక్కటే తిరగాలె.
నొక్కినంక ఆగొద్దు,
ఆఖరి డబ్బా దాటినంక కూడ
గార్డు దిక్కు చూసుకుంట జెండా పట్టుకోమా, గట్ల.

మళ్లొచ్చింది.
లెన్సుల ఆకాశమంత దొరికింది, విమానం తప్ప.
నీలం. నీలం. ఒక కొంగ. నీలం.
దొరికింది, జారింది, దొరికింది.
ఉడుకు గాలికి రెక్కల అంచులు
నీళ్ల అడుగున చేపల తీరు వణికినయి.
సరిగ్గ అప్పుడే ఎవలదో పిల్ల,
తండ్రి మెడ మీద కూసున్నది,
నా ముందట చెయ్యెత్తి ఊపింది.
తిట్టబోయి నొక్కిన.

మూడువందల పన్నెండు ఫొటోలు.
మూడువందల పదకొండు అలుక్కపోయినయి.
మిగిలినదాంట్ల
పంకా ఉండాల్సిన చోట పంకా లేదు,
ఎండను వంచుతున్న గుండ్రటి సిబ్బి ఉంది.
ముక్కు పదునుగ, తోక సగం కరిగి,
కింద కుడి మూలకు మసక మసకగ ఐదు వేళ్లు.

ఎలీషా గారికి చూపిద్దామని తిరిగితే
ఆయన గేటు కాడ ఆటో బేరమాడుతున్నడు.
నూట యాభైకి ఆటో ఆయన ఒప్పుకుంటలేడు.

స్టూడియోల పనిజేసే రవళి చూసి
"షేకయింది, తీసెయ్యనా?" అన్నది.
ఉండనీ అన్న.

లెన్సు వాపసిచ్చి కార్డు తెచ్చుకున్న,
ఒక మూల వంగింది.
మొన్న పరకాలల పెండ్లి.
తలంబ్రాల యాళ్లకు వేలు దానంతటదే చక్రం తిప్పింది.
గింజలన్ని గీతలైనయి,
పసుపుపచ్చ వాన.
వానల పెండ్లిపిల్ల నవ్వు ఒక్కటే నిలిచింది, అది గూడ సగం.

పిల్ల తండ్రి ఆల్బం అటు తిప్పి ఇటు తిప్పి చూసిండు.
బాకీ పైసలు
ఇంక ఇయ్యలే.